కాపిస్ట్రానో మిషన్‌లో వానకోవెలలను ఫొటో తీయడం ఎలా

నీలాకాశంలో రెక్కలు చాచిన వానకోవెల (స్వాలో పక్షి) ఫొటో అందంగానే ఉంటుంది. అయితే అది ఏ ఊళ్ళో తీసిందో ఎవరూ చెప్పలేరు. దక్షిణ కాలిఫోర్నియాలోని శాన్ హువాన్ కాపిస్ట్రానో మిషన్ (పాతకాలపు క్రైస్తవ మత ప్రచార కేంద్రం) దాకా వెళ్ళి అలాంటి ఫొటో ఒక్కటే తెచ్చుకుంటే ఆ ప్రయాణానికి న్యాయం జరగదు. అక్కడ పక్షి ఎంత ముఖ్యమో దాని వెనక ఉన్న రాతిగోడ, గంటలు, కమానుల వరుస కూడా అంతే ముఖ్యం. కాబట్టి ముందు గోడను ఎంచుకోండి, తర్వాత పక్షి కోసం కాచుకోండి. ఈ క్రమం మారిందా, రోజంతా ఆకాశం వైపు కెమెరా తిప్పుతూనే గడిచిపోతుంది.

ముందుగా ఆ గోడల కథ తెలుసుకోండి

ఫ్రాన్సిస్కన్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘానికి చెందిన ఫాదర్ హునిపెరో సెర్రా 1776 నవంబర్ 1న ఈ మిషన్‌ను స్థాపించారు. కాలిఫోర్నియాలోని 21 మిషన్లలో ఇది ఏడవది. ఇక్కడి పెద్ద రాతి చర్చి పని 1797లో మొదలై 1806లో పూర్తయింది. కట్టిన చేతులు ఈ నేల మీది అహాచెమెన్ ప్రజలవి. ఆరేళ్ళు గడిచాయో లేదో, 1812 డిసెంబర్ 8న ప్రార్థన జరుగుతుండగా భూకంపం వచ్చి కప్పు కూలింది. దాదాపు 40 మంది ఆ రాళ్ళ కింద ప్రాణాలు విడిచారు. మీరు కెమెరా పట్టుకుని నిలబడే చోటు అదే. శిథిలాల ముందు నవ్వుతూ గెంతుతూ ఫొటోలు దిగేవారు చాలామంది ఉంటారు. మీరు మాత్రం ఈ సంగతి మనసులో ఉంచుకుని అడుగు వేయండి.

కూలకుండా మిగిలిన ఎత్తయిన గోడలు, సగం నిలిచిన గుమ్మటం వానకోవెలలకు కొండచరియలా కనిపించాయి. పైన చూరులాంటి అంచు ఉంటే వాన తగలదు, నిటారు గోడ మీదికి పాముకు గానీ పిల్లికి గానీ ఎక్కడం కష్టం, వాగు దగ్గరే కాబట్టి గూటికి మట్టి దొరుకుతుంది, చుట్టూ పొలాలు ఉన్నన్నాళ్ళూ పురుగులకు కొదవ లేదు. ఒక దుకాణదారు చీపురుతో గూళ్ళు పడగొడుతుంటే మిషన్ ఫాదర్ చూసి, ‘మా దగ్గరికి రండి, మీకు చోటిస్తాను’ అని పక్షులను పిలిచారన్న కథ ఆ ఊరంతా చెప్పుకుంటుంది. ఏటా మార్చి 19న, సెయింట్ జోసెఫ్ పండుగ నాడు, అవి దక్షిణ అమెరికా నుంచి తిరిగివస్తాయని నమ్మకం.

1990లలో శిథిలాలను పటిష్ఠపరిచే పనులు జరిగినప్పుడు పాత గూళ్ళు తీసేశారు. ఆపాటికే ఊరు పెరిగింది, పొలాలు తగ్గాయి, పక్షులు వంతెనల కిందికి, ఇతర కట్టడాలకు తరలిపోయాయి. 2012లో వానకోవెలల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన చార్లెస్ బ్రౌన్ సలహాతో, మిషన్ వారు ఆ పక్షుల కూతల రికార్డింగులు స్పీకర్లలో వినిపించి వాటిని మళ్ళీ రప్పించే ప్రయత్నం మొదలుపెట్టారు. తర్వాత చేత్తో చేసిన గూళ్ళను కూడా అమర్చారు. కాబట్టి గోడ నిండా వందల గూళ్ళు ఉంటాయన్న ఊహతో వెళ్ళకండి. మిషన్‌లో కనిపించేవి కొద్ది పక్షులే కావచ్చు. ఆ కొద్ది పక్షులతో మంచి ఫొటో ఎలా తీయాలన్నదే అసలు విద్య.

ఎప్పుడు వెళ్ళాలి

మార్చి 19న వెళ్తే పండుగ చూస్తారు. గంటలు మోగుతాయి, పిల్లలు నాట్యం చేస్తారు, ప్రాంగణం కిటకిటలాడుతుంది. చూడదగ్గ వేడుకే, కానీ పక్షుల ఫొటోలకు అది సరైన రోజు కాదు. ముందుగా వచ్చే కొన్ని పక్షులు ఫిబ్రవరి చివర నుంచే కనిపిస్తాయి. గూడు పనులు ఊపందుకునేది ఆ తర్వాతే. నా సలహా అడిగితే ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు ఏదో ఒక పనిరోజును ఎంచుకోమంటాను.

ఆ రెండు నెలల్లోనూ అన్ని వారాలూ ఒకేలా ఉండవు. మొదట మట్టి మోసే కాలం. ఒక గూటికి సుమారు 900 నుంచి 1,200 మట్టి ఉండలు కావాలి. ప్రతి ఉండనూ నోటితోనే మోసుకొస్తాయి కాబట్టి రాకపోకలకు విరామం ఉండదు. తర్వాత గుడ్లు పొదిగే రెండు వారాలూ సందడి తగ్గుతుంది. అది ఫొటోగ్రాఫర్‌కు నిరాశ కలిగించే సమయం. గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాక మూడు వారాలకు పైగా తల్లీతండ్రీ పురుగులు పట్టి తెస్తూనే ఉంటాయి. అందులోనూ చివరి వారం అన్నిటికన్నా మంచిది. అప్పటికి పిల్లలు గూటి మూతి దగ్గరికి వచ్చి తల బయటపెట్టి నోరు తెరుస్తాయి. సంప్రదాయం ప్రకారం పక్షులు వీడ్కోలు చెప్పేది అక్టోబర్ 23న, సెయింట్ జాన్ ఆఫ్ కాపిస్ట్రానో పండుగ నాడు. నిజానికి పిల్లలు ఎగరడం నేర్చాక, జూలై ఆగస్టుల్లోనే గూళ్ళు ఖాళీ అవుతాయి. శరదృతువు నమ్ముకుని వెళ్తే ఉత్త గోడలే మిగులుతాయి.

మిషన్ తలుపులు సూర్యోదయానికి తెరవరు, సూర్యాస్తమయం దాకా ఉంచరు. వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు చూసుకోండి. తెరిచిన వెంటనే లోపల ఉండేలా వెళ్ళండి. బంగారు వెలుగు దొరకలేదని బెంగపడనక్కర్లేదు. మే, జూన్ నెలల్లో పసిఫిక్ సముద్రం మీది నుంచి వచ్చే మబ్బు పొద్దున్నే ఆ ఊరిని కప్పేస్తుంది, తరచూ మధ్యాహ్నానికి గానీ విడిపోదు. చాలామంది ఆ మబ్బు చూసి కెమెరా సంచిలో పెట్టేస్తారు. అలా చేయకండి. మబ్బు పట్టిన చల్లని పూట పురుగులు నేలకు దగ్గరగా ఎగురుతాయి, వాటి వెంట వానకోవెలలూ కిందికి దిగుతాయి. పైగా ఆ మెత్తని వెలుగులో గోడ మీద గట్టి నీడలు పడవు, పక్షి పొట్ట నల్లబడదు.

ఏ పక్షిని చూస్తున్నారో పోల్చుకోండి

కాపిస్ట్రానోకు పేరు తెచ్చింది క్లిఫ్ స్వాలో. పొడవు 13 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. చదరంగా కత్తిరించినట్టున్న తోక, నడుము మీద లేత నారింజ రంగు మచ్చ, నుదుట తెల్లని బొట్టు, ముదురు గొంతు దాని గుర్తులు. గూడు సొరకాయ బుర్రలా మూసుకుని, ముందుకు పొడుచుకొచ్చిన మూతితో ఉంటుంది. తోక రెండుగా చీలి పొడుగ్గా సాగితే అది బార్న్ స్వాలో. దాని గూడు పైన తెరిచి ఉన్న దోసిలిలా ఉంటుంది. గోధుమ రంగుతో, ఏ ప్రత్యేకతా లేకుండా కనిపిస్తే రఫ్ వింగ్డ్ స్వాలో అయి ఉండవచ్చు. కొడవలి లాంటి సన్నని రెక్కలతో చాలా ఎత్తున దూసుకుపోయేది స్విఫ్ట్ అయి ఉంటుంది, అది వానకోవెల జాతే కాదు. సొరకాయ గూట్లోంచి పిచ్చుక తొంగి చూస్తే ఆశ్చర్యపోకండి. ఊరపిచ్చుకలు ఈ గూళ్ళను తరచూ ఆక్రమించుకుంటాయి.

ఈ పోలికలు ఫొటోకు కూడా పనికొస్తాయి. క్లిఫ్ స్వాలో నడుము మీది నారింజ రంగు పక్షి మలుపు తిరిగేటప్పుడు మాత్రమే మెరుస్తుంది. గూటి నుంచి బయటపడి పక్కకు వాలే క్షణం అదే. మీరు కాచుకోవలసిన క్షణాల్లో అదొకటి.

కెమెరా సిద్ధం చేసుకోవడం

ఒకే లెన్స్ తీసుకెళ్ళాలంటే 100–400 మిల్లీమీటర్ల జూమ్ పట్టుకెళ్ళండి. రెండోది కుదిరితే 24–70 వంటిది. చాలామంది ఎంత పెద్ద లెన్స్ ఉంటే అంత మంచిదనుకుంటారు. ఇక్కడ 600 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీస్తే పక్షి నిండుగా వస్తుంది గానీ మిషన్ మాయమవుతుంది. నాకు నచ్చే ఫొటోలు చాలావరకు 100 నుంచి 200 మధ్యలో తీసినవే. ట్రైపాడ్ వాడదలిస్తే ముందే అనుమతి అడగండి. ఈ పనికి చేత్తో పట్టుకోవడమే మేలు.

షట్టర్ స్పీడ్ (ఒక ఫొటోకు కెమెరా వెలుగును తీసుకునే సమయం) దగ్గర లెక్క స్పష్టంగా ఉండాలి. వానకోవెల సెకనుకు సుమారు 10 మీటర్లు ఎగురుతుంది. 1/1000 సెకనులో అది ఒక సెంటీమీటరు జరుగుతుంది. 13 సెంటీమీటర్ల పక్షికి ఒక సెంటీమీటరు అంటే కన్ను, ముక్కు చెరిగిపోవడానికి చాలు. 1/4000లో అయితే జరిగేది రెండున్నర మిల్లీమీటర్లే. అడ్డంగా ఎగిరే పక్షికి కనీసం 1/3200 ఉంచండి. గూటి మూతికి వేలాడుతున్న పక్షికి 1/1000 సరిపోతుంది. అపర్చర్ (లెన్స్‌లోకి వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 8 మధ్య ఉంచి, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో వదిలేయండి. మబ్బు పూట అది 1600 దాటవచ్చు, 3200 దాకా పోవచ్చు. కాస్త గరుకుదనాన్ని తర్వాత సరిచేయవచ్చు, చెదిరిన కన్నును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నమ్మదగినట్టుగా తిరిగి తేలేదు.

వెలుగు కొలతను కెమెరాకు వదిలేయడం ప్రమాదం. తెల్లని మబ్బు నేపథ్యంగా ఉంటే కెమెరా మోసపోయి పక్షిని నల్లని ముద్దగా చూపిస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలో పడే వెలుగును) ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచాలి; ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు. రాతిగోడ నేపథ్యమైతే పెంచనక్కర్లేదు. ఈ రెండింటి మధ్య పక్షి క్షణాల్లో అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి విలువలు మనమే పెట్టే మాన్యువల్ పద్ధతే సుఖం. ఎంచుకున్న గోడ మీది వెలుగును కొలిచి విలువలు స్థిరంగా పెట్టేసుకోండి. ఆ గోడ ముందు పక్షి ఎప్పుడొచ్చినా వెలుగు సరిగ్గానే ఉంటుంది. గోడను ముందుగా ఎంచుకోవడంలో ఉన్న లాభాల్లో ఇదీ ఒకటి.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఉన్నవారికి ఒక హెచ్చరిక. శబ్దం రాదని అందరూ ఎలక్ట్రానిక్ షట్టర్ వాడతారు. చాలా కెమెరాల్లో సెన్సర్ బొమ్మను పై నుంచి కిందికి వరుసగా చదువుతుంది కాబట్టి వేగంగా కొట్టుకునే రెక్కలు వంకరపోతాయి. పక్షి వెంట కెమెరా తిప్పితే కమానుల స్తంభాలు కూడా ఒరిగినట్టు వస్తాయి. ఎగిరే పక్షికి కదిలే తెర ఉన్న మెకానికల్ షట్టరే వాడండి. మీ కెమెరాలో బటన్ నొక్కడానికి ముందు క్షణాలను కూడా భద్రపరిచే ప్రీ క్యాప్చర్ సదుపాయం ఉంటే, గూట్లోంచి బయటికి దూకే పక్షిని పట్టడానికి దాన్ని మించింది లేదు. చాలా కెమెరాల్లో అది ఎలక్ట్రానిక్ షట్టర్‌తోనే పనిచేస్తుంది. ఆ ఒక్క సందర్భంలో రెక్క కాస్త వంగినా రాజీ పడవచ్చు.

ఫోను మాత్రమే ఉన్నవారు పక్షిని దగ్గరగా తీయాలన్న ఆశ వదులుకోండి. గంటల గోడను అడుగు నుంచి పైకి చూస్తూ ఫ్రేము కట్టి, బర్స్ట్ (వరుసగా చాలా ఫొటోలు తీసే పద్ధతి) పెట్టి, పక్షులు దాటేటప్పుడు వదలకుండా నొక్కండి. మూడు నాలుగు నల్లని రెక్కలు గంటల మీదుగా పోతున్న ఫొటో ఫోనుతోనూ అద్భుతంగా వస్తుంది.

లోపల ఎక్కడ నిలబడాలి

టికెట్ కొని లోపలికి వెళ్ళాక మొదటి అరగంట కెమెరా తీయకండి. పక్షులు ఏ మూల నుంచి వస్తున్నాయి, ఏ అంచు కిందికి పోతున్నాయి, ఏ దారిన తిరిగి వెళ్తున్నాయి అన్నది చూడండి. వానకోవెలలు గాలిలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్నట్టు కనిపిస్తాయి గానీ గూటికి వచ్చే దారి మాత్రం దాదాపు ఒకటే. గూటికి కాస్త కిందుగా వచ్చి, చివర్లో పైకి లేచి, వేగం తగ్గించుకుని గూటి మూతిని పట్టుకుంటాయి. ఆ పైకి లేచే చోట క్షణకాలం వేగం దాదాపు ఆగిపోతుంది. రెక్కలు, తోక పూర్తిగా విచ్చుకుంటాయి. మీ ఫోకస్ ఆ చోటనే ఉండాలి.

అందుకు ఇలా చేయండి. గూటి మూతి మీద ఫోకస్ పట్టి, దాన్ని మాన్యువల్‌కు మార్చి, ఒక అర మీటరు మీ వైపుకు తెచ్చుకోండి. ఫ్రేములో గూటిని ఒక మూలకు నెట్టి, పక్షి వచ్చే వైపు ఖాళీ ఉంచండి. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోంచి కాకుండా రెండో కంటితో దారిని గమనిస్తూ, పక్షి కిందుగా కనబడగానే బర్స్ట్ నొక్కండి. ఆటోఫోకస్‌లో పక్షిని గుర్తించే సదుపాయం ఉన్నా, ముదురు గోడ ముందు ముదురు పక్షిని పట్టడంలో అది తడబడవచ్చు. స్థిరమైన ఫోకస్ తడబడదు. చాలా ఫ్రేములు ఖాళీగానో చెదిరో వస్తాయి, అది సహజం.

శిథిల చర్చి దగ్గర గోడ ఎత్తు ఎక్కువ కాబట్టి, దగ్గరికి వెళ్ళేకొద్దీ పక్షి పొట్ట తప్ప ఏమీ కనిపించదు. వెనక్కి వెళ్ళండి. దూరం పెరిగితే కోణం చదునుగా మారి పక్షి పక్కభాగం, ముఖం కనిపిస్తాయి, విరిగిన కమాను వంపు కూడా ఫ్రేములోకి వస్తుంది.

గంటల గోడ 1813లో కట్టింది. కూలిన చర్చి గంటలను అక్కడ వేలాడదీశారు. నాలుగు గంటలు, వాటి వెనక ఆకాశం, పక్కన చిన్న తోట. ఇక్కడ గూళ్ళ కోసం వెతకనక్కర్లేదు, దాటిపోయే పక్షి చాలు. గంటల్లో ఒకదాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలాన్ని ఫ్రేముగా తీసుకుని, ఎఫ్ 8 పెట్టి, పక్షి ఆ ఖాళీలో పడేదాకా ఆగండి. ఓపిక పరీక్షించే ఫొటో ఇది. అయినా మొత్తం మిషన్‌లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది దీన్నే, ఎందుకంటే చూసినవారెవరైనా ఒక్క చూపులో కాపిస్ట్రానో అని పోల్చుకుంటారు.

ప్రాంగణంలోని కమానుల వరండా చీకటిగా ఉంటుంది, బయట వెలుగుగా ఉంటుంది. లోపల నుంచి బయటికి తీస్తే కమాను నల్లని చట్రమవుతుంది, పక్షి అందులో ఛాయగా పడుతుంది. ఫౌంటెన్ దగ్గర కాసేపు కూర్చోండి. వానకోవెలలు ఎగురుతూనే నీళ్ళు తాగే పక్షులు, పరిస్థితి అనుకూలిస్తే నీటి మీదికి దిగవచ్చు. జనం పలుచగా ఉన్న పొద్దుటి పూటే అందుకు ఆశ ఎక్కువ.

సెర్రా చాపెల్ ఇప్పటికీ ప్రార్థన జరిగే మందిరం. అక్కడ కెమెరా దించండి. ప్రార్థిస్తున్నవారి ముఖాలు మీ ఫ్రేములోకి రాకూడదు.

వాగు దగ్గరికి తప్పక వెళ్ళండి

ట్రబూకో వాగు, శాన్ హువాన్ వాగు ఈ ఊళ్ళోనే కలుస్తాయి. మిషన్‌లో పక్షులు పలుచగా ఉన్న రోజున మీకు దిక్కు ఈ వాగులే. వంతెనల కింద సొరకాయ గూళ్ళ కోసం చూడండి. ఇంకా మంచిది తడి మట్టి అంచు. వానకోవెలలు గుంపుగా దిగి మట్టి తీసేటప్పుడు రెక్కలను వీపు మీదికి నిటారుగా ఎత్తి అల్లాడిస్తూ ఉంటాయి. కాళ్ళు, ముక్కు మాత్రమే నేలను తాకుతాయి. నేలకు దగ్గరగా కూర్చుని, 1/2000 సెకనుతో, కన్ను మీద ఫోకస్ పట్టండి. తల మీది ముదురు రంగులో కన్ను కలిసిపోతుంది. వెలుగు ముందు నుంచో పక్క నుంచో పడితేనే దానిలో మెరుపు చుక్క వస్తుంది. ఆ చుక్క లేకపోతే పక్షిలో జీవం కనిపించదు. మట్టి దగ్గరికి మీరు నడిచి వెళ్ళకండి. ముందే వెళ్ళి కూర్చుంటే అవే వస్తాయి.

గూటి దగ్గర హద్దులు

ఈ పక్షులను అమెరికాలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కాపాడుతోంది. గుడ్లు గానీ పిల్లలు గానీ ఉన్న గూటిని అనుమతి లేకుండా పాడుచేయడం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, కొన్ని విషయాల్లో మీరు కఠినంగా ఉండాలని నా కోరిక. ఫ్లాష్ వాడకండి. ఫోనులో కూతలు వినిపించి పక్షిని పిలవకండి. మిషన్ వారు చేసింది పరిశోధకుల సలహాతో, గూళ్ళు మళ్ళీ నిలబెట్టడానికి చేసిన పని. మీరు చేస్తే అది గూడు కట్టుకునే పక్షికి అనవసరమైన అలజడి మాత్రమే. పురుగులు నోట కరుచుకుని వచ్చిన పక్షి గూటి ముందు చక్కర్లు కొడుతూ లోపలికి వెళ్ళకపోతే అర్థం ఒక్కటే, మీరు దగ్గరగా ఉన్నారు. వెంటనే వెనక్కి జరగండి. ఎగరడానికి సిద్ధమవుతున్న పిల్లలు బెదిరితే రెక్కలు పూర్తిగా రాకుండానే గూటి నుంచి దూకేస్తాయి. కింద పడిన పిల్ల బతకడం కష్టం. ఏ ఫొటో కూడా దానికి బదులు కాదు.

ఇంటికి వచ్చాక

ఫొటోలు ఏరేటప్పుడు మొదటి వడపోత కన్ను. అది స్పష్టంగా లేనివన్నీ పక్కన పెట్టండి. రెండోది రెక్కల తీరు. రెక్కలు శరీరానికి అడ్డంగా వచ్చి ముఖం దాచినవి వద్దు. మూడోది గోడ. పక్షి ఎంత బాగా వచ్చినా వెనక జనం తలలో, చెత్తబుట్టో ఉంటే తీసేయండి. కత్తిరించేటప్పుడు రాతికి చోటు మిగల్చండి. ఇసుకరాయి రంగును మరీ పసుపు చేయకండి. మబ్బు పూట అది బూడిద రంగు కలిసిన లేత గోధుమ వన్నెలో ఉంటుంది, అలాగే ఉంచండి.

వంతెన కింద తీసిన పక్షిని గంటల గోడ మీద అతికించడం ఈ రోజుల్లో నిమిషం పని. దయచేసి చేయకండి. ఆ గోడల మీదికి పక్షులు నిజంగా తిరిగివస్తున్నాయా లేదా అని ఎదురుచూస్తున్నవారు ఉన్నారు. వారికి మీ ఫొటో సాక్ష్యంగా పనికిరావాలి. ఫొటో కింద తేదీ, చోటు, పక్షి జాతి రాయండి. వాగు దగ్గర తీస్తే వాగు అనే రాయండి. మిషన్ గోడ మీద కొత్తగా మట్టి అంటుకుంటున్న గూడు కనబడితే వెళ్ళే ముందు అక్కడి సిబ్బందికి చూపించండి. అది గోడలో ఏ వైపున, నేల నుంచి ఎంత ఎత్తున ఉందో తెలిసేలా వెడల్పాటి ఫొటో కూడా ఒకటి తీసి ఉంచుకోండి.